వాడొక్కడే తింటున్నాడు, అమ్మాయ్

ఏమ్మాయ్, రాత్రి చంటాడు అంత గుక్కపట్టి ఏడ్చాడేం? ఎనిమిదిన్నరప్పుడు. ఒంట్లో బాగాలేదేమో కనుక్కోమని మీ బాబాయిగారు టీవీ కట్టేసి మరీ నన్ను పంపారు. నేను గోడ దగ్గరికి వచ్చేసరికి మీ వంటింట్లో పెనం చుయ్‌మంటోంది. జ్వరం కాదు, అన్నం దగ్గర పేచీ అని తెలిసిపోయి వెనక్కి తిరిగాను.

అదేగా? బీరకాయ కూర వద్దన్నాడు. పప్పు వద్దన్నాడు. దోసె కావాలన్నాడు, పోశావు. రెండు ముక్కలు తుంచి పక్కన పడేశాడు. ఆఖరికి ఫోనులో బొమ్మలు పెట్టి గ్లాసుడు పాలు పట్టి పడుకోబెట్టావు.

నాకెలా తెలుసంటే ఏం చెప్పను? 31 ఏళ్ళు అంగన్‌వాడీలో టీచరుగా చేశాను తల్లీ. ఈ అవస్థ ఎన్ని ఇళ్ళల్లో చూశానో. ముందు కళ్ళు తుడుచుకో. రాత్రంతా ఇదే దిగులు పెట్టుకున్నావేమో, మొహం పీక్కుపోయింది. ఆ మెట్టు మీద కూర్చో. నేనూ ఈ చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ మాట్లాడతాను.

వాడి బరువెంత? పన్నెండున్నర కిలోలా? రెండేళ్ళ ఎనిమిది నెలలకి? శుభ్రంగా ఉన్నాడు. నెలనెలా కాటాకి బుట్ట తగిలించి పిల్లల్ని తూచి, కార్డులో చుక్క పెట్టి గీత కలిపేదాన్ని. ఆ గీత పైకి పోతుంటే పిల్ల ఎన్ని ముద్దలు తిన్నదీ లెక్కపెట్టక్కర్లేదు. చూడు, పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాదికల్లా 9 కిలోలవుతాడు. రెండో ఏడంతా కలిపితే రెండున్నర కిలోలు. మూడో ఏట రెండే. పెరిగే జోరు తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గింది. మనకేమో వాడు పది నెలలప్పుడు గిన్నెడు ఉగ్గు లాగించడమే గుర్తు. అక్కడి నుంచి మొదలవుతుంది బెంగ. మనం కలిపే ముద్దలు మన చేతి కొలతవి, వాడి పొట్ట కొలత వేరు. ఒకపూట నాలుగు ముద్దలు తిని లేస్తాడు, మర్నాడు పొద్దున మూడు ఇడ్లీలు తింటాడు. అదంతా వాడి ఒంటికి తెలిసిన లెక్క.

ఇప్పుడు నిన్న పొద్దుట్నించి వాడి నోట్లోకి ఏమేం పోయాయో వరసగా చెప్పు. లేవగానే పాలు. పదింటికి బిస్కెట్లు. మధ్యాహ్నం పెరుగన్నం. నిద్ర లేవగానే మళ్ళీ పాలు. సాయంత్రం తాతయ్య చేతిలో పది రూపాయల ప్యాకెట్. ఏడింటికి అరటిపండు. పడుకునేటప్పుడు ఇంకో గ్లాసు. పాలే ముప్పావు లీటరు దాకా అయ్యాయి కదమ్మా. ఈ వయసుకి రోజు మొత్తానికి అర లీటరు మించితే ఎక్కువే. పాలు కడుపు నింపుతాయి, కానీ వాటిలో ఇనుము దాదాపు లేదు. పాలు ఎక్కువైన పిల్లలు పప్పూ ఆకుకూరా గుడ్డూ తినరు, తినకపోతే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత అని తేలింది. అన్నం దొరకని ఇళ్ళల్లోనే అనుకోకు. పాల గ్లాసు చేత్తో పట్టుకుని వెంటపడే ఇళ్ళల్లోనూ పాలిపోయిన పిల్లల్ని నేను చూశాను.

సరే, పాల సంగతి నువ్వు దిద్దుకుంటావు. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం నాలుగింటికి ఒకటి. ఆ తర్వాత రాత్రి భోజనం దాకా మంచినీళ్ళే. మామగారికి నేను చెప్తాలే, ఆ ప్యాకెట్టు మానేసి జామకాయో కమలాపండో తెమ్మని. మనవడికి ఏదో ఒకటి తేవాలని ఆయనకి ఉంటుంది కదా, వట్టి చేతులతో రమ్మంటే చిన్నబుచ్చుకుంటారు.

నేను నిన్ను అడగాలనుకున్నది ఇది. రాత్రి వాడు తినేటప్పుడు, వాడితోపాటు ఎవరు తిన్నారు?

ఆలోచించుకో, తొందరేం లేదు.

ఎవరూ తినలేదు. నువ్వు వాడికి ఎదురుగా కూర్చుని వాడి నోరే చూస్తున్నావు. మీ అత్తగారు కొడుకు వచ్చాకే తింటారు. మీ ఆయన షాపు కట్టేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర. నువ్వు అందరికీ వడ్డించాక, వంటింటి గట్టు దగ్గర నిలబడి నాలుగు మెతుకులు తింటావు. అప్పటికి వాడు నిద్రపోతుంటాడు. వాడు పుట్టిన ఈ రెండేళ్ళ ఎనిమిది నెలల్లో నువ్వు బీరకాయ కూర కలుపుకుని ఇష్టంగా తినడం వాడు ఎన్నిసార్లు చూశాడు? వాళ్ళ నాన్న తినడం ఎన్నిసార్లు చూశాడు? వాడి కళ్ళతో చూడమ్మాయ్. అది ఇంట్లో అందరూ తినే కూర అని వాడికి ఎలా తెలుస్తుంది? వాడొక్కడి కోసం గిన్నెలో తెచ్చి, వాడొక్కడి నోట్లో పెట్టబోతారు. మందు కూడా అలాగే పట్టిస్తాం కదా.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు, పిల్లల దగ్గరే తెలిసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మధ్యాహ్నం పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఆయమ్మ వడ్డిస్తుంటే, నేను నిలబడి అజమాయిషీ చేసేదాన్ని. నువ్వు తిను, నువ్వు కింద పోయకు, నీ గుడ్డు అలాగే ఉందేం. ఒక సంవత్సరం ఒక పిల్ల వచ్చింది. మూడేళ్ళు నిండి రెండు వారాలు. పాలు తప్ప ఏదీ ముట్టదని వాళ్ళమ్మ సీసా ఇచ్చి పంపింది. పళ్ళెం ముందు పెడితే చేతులు వెనక్కి కట్టుకునేది. నేను బతిమాలాను, గదమాయించాను, ఆకు పప్పులో నెయ్యి వేసి నోటి దాకా తీసుకెళ్ళాను. పెదాలు బిగించి, కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకునేది.

ఒకరోజు నాకు కాళ్ళు పీకుతుంటే ఆయమ్మని నాకూ కాస్త వడ్డించమని, ఆ పిల్ల పక్కనే చాప మీద చతికిలబడ్డాను. ఆకలి దంచేస్తోంది, ఆ పిల్ల మాటే మరిచిపోయి నా అన్నం నేను తింటున్నాను. మధ్యలో చూస్తే అది నా చేతి వంకే చూస్తోంది. వేళ్ళు పప్పులో ఎలా దిగుతున్నాయి, ముద్ద ఎలా చుడుతున్నాను, నోట్లో ఎలా వేసుకుంటున్నాను అని. ఆ రోజు ఏం తినలేదు. మర్నాడూ అక్కడే కూర్చున్నాను. మూడో రోజు తన పళ్ళెంలో వేలు ముంచి నాకింది. తొమ్మిదో రోజో పదో రోజో, నా పళ్ళెంలోంచి, తన పళ్ళెంలోంచి కాదు, నా పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుని తినేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా ఏనాడూ నిలబడి పిల్లలకి అన్నం పెట్టించలేదు. వాళ్ళ వరసలోనే నా పళ్ళెం.

ఇంట్లో మెతుకు ముట్టడని చెప్పిన పిల్లలు మా దగ్గర పక్కవాళ్ళని చూసి పళ్ళెం ఖాళీ చేసేవాళ్ళు. తల్లులు నమ్మేవాళ్ళు కాదు. కిటికీలోంచి చూపిస్తే నోట మాట రాక నిలబడిపోయేవాళ్ళు.

ఒక ట్రైనింగులో డాక్టరమ్మ చెప్పిన సంగతి నాకు బాగా పట్టింది. అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టరు అప్పుడే తల్లిపాలు మానిన పిల్లల ముందు కూరలూ పళ్ళూ ధాన్యాలూ మాంసమూ పాలూ రకరకాలుగా పెట్టి, ఎవరూ ఇది తిను అది తిను అనకుండా చూసిందట. 1928లోనే ఆ సంగతులు అచ్చువేసింది. ఏ పూటకాపూట చూస్తే పిల్లల తిండికి ఓ పొందిక లేదు. నెలల మీద చూస్తే అందరూ చక్కగా పెరిగారు. కానీ అమ్మాయ్, ఆ పళ్ళేల్లో చక్కెర సరుకు ఒక్కటీ లేదు, మిల్లులో తెల్లగా పట్టిన పిండి లేదు. ఏం పెట్టాలన్నది పెద్దవాళ్ళే తేల్చారు, ఎంత తినాలన్నది పిల్లలు తేల్చుకున్నారు. ఈ మాటనే ఎలిన్ సాటర్ అనే ఆహార నిపుణురాలు తర్వాత తల్లులందరికీ సూత్రంగా చెప్పింది. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, ఇవి నీ పని. తినాలా వద్దా, ఎంత తినాలి, అది వాడి పని. నిన్న నువ్వు రెండూ తారుమారు చేశావు. ఏం వండాలో వాడు చెప్పాడు, దోసె పోశావు. ఎంత తినాలో నువ్వు చెప్పబోయావు, వాడు ఏడ్చాడు.

నిన్ను తప్పుపట్టడం లేదు. నా చిన్నకొడుక్కి నేను ఇంతకన్నా పెద్ద తప్పు చేశాను. వాడికి మూడేళ్ళప్పుడు వంకాయ కూర వద్దంటే ముక్కు మూసి నోట్లో కుక్కాను. మొత్తం కక్కేశాడు. ఇప్పుడు వాడికి ముప్ఫై నాలుగు, ఇద్దరు పిల్లల తండ్రి. వంకాయ వాసనొస్తే ఇప్పటికీ పళ్ళెం ముందు నుంచి లేచిపోతాడు. ఎదుటివాళ్ళ పిల్లలకి అంత ఓర్పుగా పెట్టినదాన్ని, నా బిడ్డ దగ్గర ఆ ఓర్పు లేకపోయింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ బాధే. అందుకే నీతో ఇంతగా చెప్తున్నాను.

కారం అంటావా? అవును, మన గుంటూరు ఇళ్ళల్లో అందరికీ వండింది పిల్లాడికి పెట్టేదెలా అన్నది నిజమైన చిక్కే. అలాగని వేరే వంట అక్కర్లేదు, గరిటె ఎప్పుడు ముంచాలో తెలిస్తే చాలు. పప్పు మెదిపి ఉప్పు పసుపు వేశాక, మిరపకాయల పోపు పెట్టేముందు వాడికి ఓ గరిటె తీసెయ్. వాడి పప్పులో జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు నేతిలో వేయించి వెయ్, వాసన మన పప్పు వాసనే ఉండాలి. వేపుడైతే మరీ తేలిక, కారం ఎలాగూ దించేముందేగా చల్లుతాం. దొండకాయ, బెండకాయ, అరటికాయ, ఏదైనా సరే ముందే రెండు చెంచాలు తీసిపెట్టుకో. కోడికూర అయినా అంతే, అల్లం వెల్లుల్లి ఉల్లిపాయతో ముక్క మగ్గాక, కారం పడేముందు ఓ మెత్తటి ముక్క తీసి ఎముక లేకుండా విడదియ్యి. పులుసు రోజున మాత్రం కుదరదు, కారం మొదట్నించీ ఉడుకుతుంది కాబట్టి. ఆ రోజు పులుసులో ముక్క ఒకటి తీసి, ముద్దపప్పూ నెయ్యీ కలిపిన అన్నంలో నంజుకోమని పక్కన పెట్టు. గోంగూర పుల్లగా ఉంటుంది, చిటికెడు చాలు. పప్పన్నంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండు, పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఒకే కుండలోది అని వాడికి కనపడాలి. అది ముఖ్యం. విడిగా చిన్న గిన్నెలో వండి తెచ్చావనుకో, మళ్ళీ మొదటికే వస్తుంది కథ. గిన్నె అందరి మధ్యా పెట్టి, అందులోంచే వాడికీ వడ్డించాలి. వాడి వాటా ముందే తీసింది అయినా సరే, అందరి గిన్నెల పక్కనే ఉంచి అప్పుడే వడ్డించు.

అసలు మన వంట వాడికి మరీ కొత్తేం కాదు. నువ్వు బాలింతగా ఉన్నప్పుడు తిన్న వెల్లుల్లి వాసన నీ పాలల్లో దిగి వాడు అప్పుడే రుచి చూశాడు. కడుపులో ఉన్నప్పుడు కూడానట.

మీ ఆయన తొమ్మిదిన్నరకి గానీ రాడంటావు. ఆయన్ని ఏడింటికి షాపు కట్టెయ్యమనలేం. నువ్వు ఏడున్నరకి తినొచ్చుగా? నువ్వూ, అత్తగారూ, మామగారూ, వాడూ. నలుగురూ కింద చాప వేసుకుని కూర్చోండి. అబ్బాయి వచ్చాక అత్తగారు పక్కన కూర్చుని మజ్జిగ తాగుతారు, కబుర్లు చెప్తారు. ఆవిడకి షుగరు కూడా ఉందాయె, రాత్రి పదింటికి అన్నం ఆవిడకే మంచిది కాదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం మీ ఆయన తప్పకుండా వాడి పక్కన కూర్చోవాలి. నాన్న తినే కూర మీద పిల్లలకి మోజు ఎక్కువ.

పళ్ళెంలో ఏం వెయ్యాలంటావా? అన్నం, పప్పు, కూర, అన్నీ చెంచాడు చెంచాడు. ఇంకా కావాలంటే వాడే అడుగుతాడు. అందులో వాడు ఖాయంగా తినేది ఒకటి ఉండాలి. మన భోజనంలో ఆ అవసరానికి పెరుగు ఉండనే ఉంది, ఎవరి ఇంట్లో అయినా ఆఖరున పెరుగన్నం కలుపుకోవాల్సిందే. కూర ముట్టుకోకపోయినా వాడి వంతు పెరుగన్నం వాడికి పెట్టు. కూర తింటేనే పెరుగు, తింటేనే చాక్లెట్ అనకు. అలా అన్న రోజు నుంచి కూర శిక్ష అయిపోతుంది, చాక్లెట్ బంగారమైపోతుంది. తిన్నాడని చప్పట్లు కొట్టద్దు, తినలేదని మొహం ముడుచుకోవద్దు. అరగంట దాటిందంటే పళ్ళెం తీసెయ్, మూతి తుడువు, ఆడుకోమను. ఫోను మాత్రం ఆ చాప దరిదాపుల్లోకి రాకూడదు, నీదీ మీ మామగారిదీ కూడా. బొమ్మలు చూస్తూ మింగేవాడికి ఏం తిన్నాడో తెలియదు, కడుపు నిండిందో లేదో తెలియదు.

రెండు మూడు రాత్రులు పెరుగన్నంతోనే లేస్తాడు. నీకు గుండె ఆగదు. పెనం వంక చూస్తావు. చూడకు.

కొత్త కూర పిల్లలకి నచ్చాలంటే పదిసార్లు, పదిహేనుసార్లు కనపడాలి, నోట్లో పడాలి. మనం మూడుసార్లకే వీడికి బీరకాయ పడదు అని పేరు పెట్టేస్తాం. ఆ మాట వాడు వింటాడమ్మాయ్. పక్కింటివాళ్ళతో, ఫోనులో మీ అమ్మతో, వాడికి బీరకాయ ఇష్టం లేదు అంటావు చూడు, వాడు అదే తన గుణమనుకుంటాడు. రెండేళ్ళ నుంచి ఐదారేళ్ళ దాకా కొత్త తిండంటే అనుమానం ఏ పిల్లలకైనా సహజం. నడక వచ్చి వాళ్ళంతట వాళ్ళు తిరగడం మొదలుపెట్టాక కనపడ్డదల్లా నోట్లో పెట్టుకోకుండా ఆ అనుమానమే కాపాడుతుంది. వాడిని కూరలు బాగుచేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకో. చిక్కుడు గింజలు ఒలవమను, తోటకూర ఆకులు తుంపమను. చేత్తో ముట్టుకున్నదాన్ని నోటితో ముట్టుకోవడం అంత కష్టం కాదు. వేరుశనగ గింజలు మాత్రం ఐదేళ్ళ దాకా గింజగా ఇవ్వకు, గొంతుకి అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. పొడి చేసి అన్నంలో కలుపు.

అత్తగారి దిగులు నాకు తెలుసు. మనవడు చిక్కిపోతున్నాడని ఆవిడకి నిద్ర పట్టదు. పాపం, ఆవిడ రోజుల్లో చిక్కిన పిల్ల అంటే చేజారిపోయే పిల్లే. ఆ భయం ఆవిడ ఒంట్లోంచి పోలేదు. ఆవిడతో వాదన పెట్టుకోకు. నెలకోసారి వాడిని తూయించి బరువు ఆవిడకే చెప్పు. లేదా గోడ దాకా పిలువు, నేను మాట్లాడతాను.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరిగెత్తాలో కూడా విను. వరసగా రెండు మూడు నెలలు బరువు పెరగకపోయినా, తగ్గినా. మింగేటప్పుడు ప్రతిసారీ పొలమారి దగ్గుతుంటే. కళ్ళ కింద పాలిపోయి, మట్టీ సుద్దా తింటుంటే. తినే నాలుగు రకాలూ రెండింటికి దిగిపోతుంటే. ఇవేవీ మీవాడికి లేవు. నులిపురుగుల మందు వేయించావా? ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి అంగన్‌వాడీలో ఉచితంగానే వేస్తారు, ఏడాది నిండిన పిల్లలందరికీ. పోయినసారి మీ ఊరెళ్ళారు కాబట్టి తప్పిపోయి ఉంటుంది, కనుక్కో.

అయ్యో, నీ కుక్కరు మూడో కూత కూడా వేసింది, వెళ్ళి దించు. ఒక్క మాట విని వెళ్ళు. ఈ రాత్రికి మీ ఇంట్లో ఏ మార్పూ మొదలుపెట్టకు. ఏడున్నరకి వాడిని తీసుకుని మా ఇంటికి రా. వాడి పళ్ళెం వాడినే పట్టుకు రమ్మను. ఈ చిక్కుడుకాయ కూరే చేస్తున్నాను, పచ్చిమిరపకాయ ముద్ద వేసేముందు వాడి వాటా తీసిపెడతాను. మీ బాబాయిగారి పక్కన కూర్చుంటాడు. ఆయనకి చిక్కుడుకాయంటే ప్రాణం, తింటుంటే చూడ్డానికే బాగుంటుంది. నీ పళ్ళెం కూడా తెచ్చుకో. నువ్వు నా పక్కన కూర్చుని, వాడి వంక చూడకుండా, నీ కడుపునిండా నువ్వు తినాలి.